చొక్కా మీద మిరపకాయ

సీతమ్మధారలో ఒక మేడ, పై వాటా. మధ్యాహ్నం. ముందుగదిలో బల్ల మీద ఎంబ్రాయిడరీ మిషన్, దాని పక్కన పాత లాప్‌టాప్. మిషన్ అమ్మిన షాపు తరపున వచ్చిన హిమబిందు ఒక కుర్చీలో, ఇంటావిడ కృపావతి ఇంకో కుర్చీలో ఉన్నారు. ఇదే మిషన్ కోసం హిమబిందు ఈ మెట్లెక్కడం ఇది మూడోసారి.

"కనబడట్లేదంటే ఏటి కనబడట్లేదు ఆంటీ? పెన్‌డ్రైవే కనబడట్లేదా, డిజైన్లు కనబడట్లేదా?"

"రెండూ కనబడట్లేదమ్మా. తెర మీద గుండ్రంగా ఏదో తిరుగుతాది, తిరుగుతాది, అలగే ఉండిపోతాది. అన్నం వార్చుకుని వచ్చాను, ఇంకా తిరుగుతానే ఉంది."

"ఏదీ, ఇలగివ్వండి. దీన్నిండా ఏటున్నాయండి?"

"పాటలు. చర్చి పాటలు. మా అబ్బాయి రిచర్డ్ ఎక్కించాడు. అయ్యగారి ప్రసంగాలు కూడా ఉండాల."

"పోయినసారి సెప్పాను కదా, మిషన్‌కి వేరేగా ఒకటి ఉంచమని? ముందు ఇవన్నీ ఎతుక్కుంటాది అది. ఇన్ని ప్రసంగాల్లో మీ మిరపకాయ దానికెక్కడ దొరుకుతాది?"

"పాటలు చెరిపేస్తావేటి?"

"సెరపను. నా దగ్గర ఖాళీది ఉంది, దాన్లోకి ఎక్కిస్తాను. డిజైన్లెక్కడున్నాయి?"

"అదిగో, ఒక్కోదానికి పేరు పెట్టి దాచాను. మిరపకాయ, ఆకు, అల, సిలువ."

"తెలుగులో పెట్టారేటి పేర్లు?"

"మరెందులో పెట్టాల?"

"మిషన్‌కి తెలుగు రాదు ఆంటీ. తెలుగు పేరున్న ఫైలుని అది సూడనే సూడదు. ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాల, అదీ పొట్టిగా."

"ఇశాపట్నంలో అమ్మిన మిషన్‌కి తెలుగు రాదంటే ఎలగమ్మా?"

"నన్నడిగితే నానేటి సెప్పను? ఆగండి, పేర్లు మార్చి పెడతాను. ఇదిగో, వచ్చీసాయి. సిలువ, అల, ఆకు. మిరపకాయ రాలేదు."

"అదే కదా నా గోల. అన్నీ వచ్చినా మిరపకాయ రాదు."

"అది గుడ్డ బిగించే ఫ్రేమ్‌లో పట్టదు. పట్టనిదాన్ని మిషన్ సూపించదు. ఎంత పొడుగు పెట్టారేటి? జానెడుంది. చొక్కా జేబు మీదకి జానెడు మిరపకాయ ఎందుకండి?"

"చిన్నది పెడితే తెలీట్లేదు."

"ఎవరికి తెలీట్లేదు?"

"వేసుకున్నోళ్ళకి. చూసినోళ్ళకి. నువ్వు పని చూడమ్మా."

చిన్నది చెయ్యాలంటే లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ తెరవాలి. తెరవగానే అది గడువు తీరిపోయిందని, కొత్తది దించుకోమని అడిగింది. రిచర్డ్ వాడి వదిలేసిన లాప్‌టాప్ అది. సగం దించుకుని ఆగిపోయింది. హిమబిందు తన ఫోన్ నుంచి నెట్ ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. ఈలోగా షాపు మేనేజర్ గుణశేఖర్ ఫోన్ చేసి, గోపాలపట్నంలో ఇంకో ఇంటివాళ్ళు ఎదురుచూస్తున్నారని, ఈవిడ పని ఇవాళ ముగించకపోతే కంప్లైంటు హిమబిందు పేరు మీదే రాస్తానని చెప్పాడు. ఆమె సరే సార్ అంటూ వింది. ఫోన్ పెట్టేసరికి తెర మీద పాస్‌వర్డ్ అడుగుతోంది.

"పాస్‌వర్డ్ సెప్పండి ఆంటీ."

"నువ్వే కదా పెట్టావు."

"నాను పెట్టలేదు. మీ సేతే పెట్టించాను. నాను అటు తిరిగి కూకున్నాను కూడా."

"అయితే నా పేరే పెట్టుంటాను."

"కాదంటంది."

"ఆయన పేరు కొట్టు. జ్ఞానదాసు."

"ఇంగ్లీషులో ఎలగ రాస్తారు? జీతోనా, జేతోనా?"

"పెళ్ళి కార్డు మీద జీతో ఉంది. ఆధార్ కార్డు మీద జేతో ఉంది. రెండూ కొట్టి చూడు."

"రెండూ కొడితే తలుపు మూసేత్తాది ఆంటీ. మళ్ళీ రేపటిదాకా తియ్యదు. ఫోన్ ఇటివ్వండి, కొత్త పాస్‌వర్డ్ తెప్పిస్తాను. ఈసారి ఎక్కడైనా గుర్తెట్టుకోండి, మీకు దణ్ణం పెడతాను."

"నన్ను కసురుకోకమ్మా."

"కసురుకోలేదండి. పొద్దున్నుంచి టీ కూడా తాగలేదు నాను."

"పెడతాను. ముందు మిరపకాయ సంగతి చూడు."

మిరపకాయ సంగతి చూస్తే అది మరీ అధ్వాన్నంగా ఉంది. కృపావతి కాగితం మీద పెన్సిల్‌తో బొమ్మ గీసి, ఫోన్‌తో ఫోటో తీసి, ఆ ఫోటోని కుట్టుగా మార్చమని సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చేసింది.

"ఈ మిరపకాయ సుట్టూ దుమ్మేటి?"

"అక్కడ ముందు ఒకసారి వంకరగా వచ్చింది. రబ్బరుతో చెరిపాను."

"సాఫ్ట్‌వేర్‌కి గీసిందీ సెరిపిందీ ఒకటే. మీరు తుడిచీసిందంతా కూడా కుట్టేత్తానంటంది. ఇలగ కాదు, నాను మళ్ళీ సుట్టూ గీస్తాను. అసలు నెట్‌లో ఎన్ని డిజైన్లున్నాయి ఆంటీ, నెమళ్ళు, హంసలు, లతలు... మీ మిషన్‌తోనే ఉచితంగా ఇచ్చారు. అవి వేసుకోకుండా ఈ మిరపకాయ ఏటి?"

"నాకు నెమళ్ళొద్దు."

"పోనీ, మిరపకాయే. ఇదిగో, సూడండి. బావుందా?"

"బావుంది. దారం ఒత్తు పెంచు."

"ఒత్తు సరిపోతాదండి."

"పెంచమ్మా."

"పెంచాను. ఇంకా పెంచితే సూది ఇరుగుతాది."

"విరగనీ."

"ఇరగనీ ఏటండి? పోయినసారి ఇరిగిన సూదిముక్క నా బుగ్గ పక్కనుంచి ఎల్లింది. కంట్లో పడుంటే?"

కృపావతి బల్ల మీది దారపు రీళ్ళను అటుదిటు, ఇటుదటు పెట్టింది. ఆ మాటల చప్పుడుకి బాల్కనీలోంచి ఆమె భర్త జ్ఞానదాసు లేచి, గోడ వారగా గుమ్మం దాకా వచ్చాడు. భుజం మీద తువ్వాలు ఉంది.

"ఇంకా అవ్వలేదేటి మీ గోల?"

"అవుతాది లెండి. మీరు కూకోండి."

"కూకుంటే ఊరుకోనిత్తన్నావేటి? మొహం తుడుసుకుందామంటే తువ్వాలు మీద బొమ్మ. పడుకుందామంటే గలీబు మీద బొమ్మ. ఏ గుడ్డ ముట్టుకున్నా ఏదోటి పొడుసుకుంటంది. పాపా, నీకైనా సెప్పొద్దా? ఇలాటి బొమ్మలాట మిషన్లు ముసిలోళ్ళకి అంటగట్టి పోతారు."

"నాను అమ్మలేదండి. నాను బాగుసేసే మనిషిని."

"ఏదైతే ఏటి? ఎల్లుండికి నా నెత్తి మీద కూడా ఒక సేప కుట్టేత్తాది ఈవిడ."

ఆయన మళ్ళీ గోడ వారగానే వెనక్కి వెళ్ళిపోయాడు. హిమబిందు లాప్‌టాప్ మూత దించేసింది.

"ఆంటీ, నాను ఎల్లిపోతాను."

"అదేటి, మధ్యలో?"

"మీకు కావాల్సింది కుట్టు కాదు, ముద్ద. అంత ముద్ద ఎవరూ వేసుకోరు. అంకుల్‌కి ఇష్టం లేదు. నానేటి సేసినా మీకు సాలదు, మళ్ళీ ఫోన్ సేసి కంప్లైంటిత్తారు. మా సారు నన్నంటారు. ఎందుకు కావాలో సెప్పండి, లేదంటే నా వల్ల కాదు."

"గట్టిగా మాటాడకు. ఆయన చెవులు బానే ఉన్నాయి."

"అంటే?"

"చెవులు బానే ఉన్నాయన్నాను."

హిమబిందు బాల్కనీ వైపు చూసింది. జ్ఞానదాసు కుర్చీలో వీధి వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. కృపావతి తన కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఎన్నాళ్ళయింది ఆంటీ?"

"ఆయనకే తెలియాల. సుగర్. ముందు మనుషుల మొహాలు పోయాయి, తర్వాత రంగులు. వెలుతురు తెలుస్తాది, గుమ్మం తెలుస్తాది. ఇంట్లో అలవాటు మీద తిరిగేస్తారు. రిచర్డ్‌కి కూడా తెలీదు."

"మీకు సెప్పలేదా?"

"చెప్పే మనిషేనా? హార్బర్‌లో క్రేను నడిపీవోరు. అంత ఎత్తున కూర్చుని, కింద మనిషి వేలు ఎటు చూపిస్తే అటు బరువు దింపీవోరు. తోటోళ్ళు, కళ్ళంటే దాసువే కళ్ళు అనీవోరు. ఒకసారి కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఈ కుర్రోడికేటి తెలుసు అని లేచి వచ్చేసారు. మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వరు."

"మరి బొమ్మలు..."

"చెబుతన్నాను. ఆయనతో పాటు క్రేను మీద చేసిన జాక్సన్ గారని ఒకాయన, పోయారు. భూస్థాపనకి నాను ముందెళ్ళాను, వాళ్ళావిడ దగ్గర ఎవరో ఒకరు ఉండాల కదా. ఈయన వెనక ఆటోలో వచ్చారు. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. ఈయన ఎర్రచొక్కా వేసుకొచ్చారు. మనవడు క్రిస్మస్‌కి కొనిచ్చింది. దాన్నిండా బంగారు పువ్వులు."

"అయ్యో."

"ఎవరో అన్నారు, ఏటి దాసు, పెళ్ళికొచ్చావా అని. చెడ్డగా అనలేదు, ఊరికే అన్నారు. ఈయన నవ్వేసారు. పెట్టె దింపీదాకా ఆ చొక్కాతోనే అందరి మధ్యా నిలబడ్డారు. ఇంటికొచ్చాక, కృపా, నాను ఏ రంగు వేసుకున్నాను అని నన్నడగొచ్చు కదా? అడగలేదు. నాను చెప్పలేదు. అప్పట్నుంచి గేటు దాటలేదు. చర్చికి రండి అంటే మోకాలు నొప్పంటారు."

"మీరు తీసి పెట్టీవచ్చు కదా, చొక్కా?"

"పెట్టాను. ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టాను. నాను సిన్నపిల్లోణ్ణేటే అని తీసుకెళ్ళి బీరువాలో కుక్కీసారు. రెండు రోజులు మాటాడలేదు నాతో."

"అందుకని..."

"అందుకని. తెలుపుకి సిలువ, నీలానికి అల, పచ్చకి ఆకు, ఎరుపుకి మిరపకాయ. ఆయన చొక్కాల మీద మటుకే వేస్తే పసిగట్టేస్తారు. అందుకే తువ్వాళ్ళ మీదా, గలీబుల మీదా, నా జాకెట్ల మీదా వేస్తన్నాను. ముసలితనంలో దీనికి మిషన్ పిచ్చి పట్టింది అనుకుంటన్నారు. అనుకోనీ. వేసినప్పుడల్లా గట్టిగా చెబుతాను, ఏమండీ, నీలం చొక్కా మీద అల వేసాను, ఎంత బావుందో చూడండి అని."

"ఆయనేటంటారు?"

"ఊ అంటారు."

"తెలిసిందేటి మరి?"

"ఏం తెలుస్తాది? వేలు పెట్టి చూడను కూడా చూడరు. సుగర్‌కి వేళ్ళ కొసలు కూడా మొద్దుబారాయి. సన్నగా కుడితే తగలదు. అందుకే లావు లావు అని నీ ప్రాణం తీస్తన్నాను."

"మొదటి రోజే ఈ మాట సెప్తే ఎంత బాగుండును ఆంటీ."

"ఎలగ చెప్పనమ్మా? మీ షాపుకి ఫోన్ చేసి చెప్పనా, మా ఆయనకి చూపు లేదు, లావుగా కుట్టే మార్గం చూపించండి అని? అది ఆయన గుట్టు. ఆయనే దాచుకుంటే నానెలగ బయటపెడతాను?"

హిమబిందు లాప్‌టాప్ మూత మళ్ళీ ఎత్తింది. తర్వాత సంచీ దగ్గరికి లాక్కుని వెతకడం మొదలుపెట్టింది.

"కుర్రోళ్ళ టోపీల మీద అక్షరాలు ఉబ్బుగా ఉంటాయి, సూసారా?"

"మనవడి టోపీ మీద ఉంది."

"అది దారం ఒత్తు కాదు. గుడ్డ మీద ఇలాటి ఫోమ్ ముక్క పెట్టి, దాని మీంచి కుడతారు. దారం ఫోమ్‌ని కప్పేత్తాది, లోపల అది ఉబ్బుగా ఉంటాది. సూది ఇరగదు, ఫోమ్ మెత్తన కదా. షాపులో సూపించడానికి ఇచ్చిన ముక్కలున్నాయి నా దగ్గర."

"ఉతికితే పోదా?"

"పోదు. ఇస్త్రీపెట్టె మటుకు దాని మీద పెట్టకండి."

"ఇన్నాళ్ళూ ఇది సంచీలోనే ఉందేటి?"

"ఉంది. మీరు ఒత్తు పెంచమన్నారు గాని, ఎత్తుగా కావాలనలేదు కదా."

ఎంబ్రాయిడరీ దారం వెంటనే దారికి రాలేదు. ఫోమ్ కోసం ప్రతి బొమ్మనూ సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ సరిచెయ్యాల్సి వచ్చింది. మొదటి సిలువకి దారం తెగిపోయింది. రెండోదానికి అంచుల్లోంచి ఫోమ్ బయటికి కనబడింది. లాప్‌టాప్ ఒకసారి తనంతట తనే ఆగిపోయి, దాచుకోని పనంతా మింగేసింది. హిమబిందు బల్ల మీద చేత్తో ఒక దెబ్బ వేసి, మళ్ళీ మొదటినుంచి గీసింది. గుణశేఖర్ ఫోన్ చేస్తే, ఇంకా అవ్వలేదని, గోపాలపట్నం రేపు పొద్దున్నే వెళ్తానని చెప్పి పెట్టేసింది. కృపావతి టీ పెట్టి తెచ్చింది. ఆ టీ చల్లారిపోయింది. ఎండ బాల్కనీ దాటిపోయే వేళకి పాత దుప్పటి ముక్కల మీద నాలుగు బొమ్మలూ వరసగా తయారయ్యాయి.

"కళ్ళు మూసుకోండి ఆంటీ. ఇది ఏటి?"

"అల."

"ఇది?"

"సిలువ. ఎంత ఎత్తుగా వచ్చిందమ్మా."

"ఇవి రెండూ?"

"ఇది ఆకు. ఇది మిరపకాయ. తెలిసిపోతంది బిందూ. బానే తెలిసిపోతంది."

"అయితే అయిపోయినట్టే. ఇవే ఫైళ్ళు మిషన్‌లోకి ఎక్కించేసాను. పెన్‌డ్రైవ్ అక్కర్లేదు, లాప్‌టాప్ అక్కర్లేదు. బొమ్మ ముట్టుకుంటే కుట్టేత్తాది."

"ఆయన వేసుకుంటారంటావా?"

"ఏసుకుంటారు లెండి."

"పిచ్చిదాన్ని అనుకుని అసలు ముట్టుకోకపోతే?"

హిమబిందు దానికేదో చెప్పబోయింది. ఇంతలో కింద వాటా సూర్యకాంతమ్మ మెట్ల దగ్గర నిలబడి, ట్యాంకు నిండి నీళ్ళు వీధిలోకి పోతున్నాయని కేకేసింది. మోటారు స్విచ్చి కిందే ఉంది. కృపావతి చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని దిగింది. హిమబిందు వైర్లు చుట్టుకుంటుంటే బాల్కనీ గుమ్మం దగ్గర అలికిడైంది.

"ఆవిడ దిగిందా పాపా?"

"దిగారండి. మోటారు ఆపడానికి."

"ఆ ముక్కలేవీ? ఇందాక కుట్టినవి. ఇలగియ్యి."

"అంకుల్, అవి ఊరికే..."

"ఇయ్యమ్మా."

హిమబిందు నాలుగు ముక్కలూ తీసి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన గోడకి ఆనుకుని, ఒక్కోదాన్నీ బొటనవేలి కింద పెట్టుకుని నెమ్మదిగా తిప్పాడు.

"ఇది సిలువ. తెల్లచొక్కా. ఇది అల, నీలంది. ఇవి బానే ఉన్నాయి. ముందు ఏసినవి తెలిసీవి కావు. మీ ఆంటీ పడుకున్నాక బీరువా తీసి, గోటితో గీకి గీకి సూసీవోణ్ణి. దారం లేసిపోయేది గాని, బొమ్మ అందీది కాదు."

"మీకు... ఆంటీకి తెలీదండి మీకు తెలుసని."

"నెమ్మదిగా. దానికి మెట్ల మీద ఉన్నా ఇనబడతాది."

"సెప్పేయొచ్చు కదా అంకుల్? ఆవిడ ఎంత ఇదైపోతన్నారో."

"సెప్తే అది ఏడుత్తాది. దాన్ని సూసి నాను ఏడుత్తాను. ఎందుకొచ్చింది? ఇలగ బాగుంది. అది కుడతంది, నాను ఇసుక్కుంటన్నాను."

"మోటారు ఆగింది. వచ్చేత్తారండి."

"అయితే బేగి ఇను. ఈ రెండూ ఉన్నాయి సూడు, ఆకూ మిరపకాయా. మీ కళ్ళకి వేరుగా ఉన్నాయేమో గాని, నా ఏలికి ఒక్కలాగే తగులుతున్నాయి. ఆకుని కొంచెం ఎడల్పు సెయ్యి పాపా. నాను సెప్పానని సెప్పకు."